గోడ కట్టే ముందు వాక్కాయ దడి సంగతి ఆలోచించండి

మా పెరటికి ఉత్తరం వైపు ప్రహరీ గోడ లేదు. వాక్కాయ దడి ఉంది. మూడు వైపులా గోడ లేపేసరికి డబ్బులు చాలక నాలుగో వైపు ఆగిపోయామని చుట్టుపక్కల వాళ్లు చాలాకాలం అనుకున్నారు. కొందరు మొహమాటపడుతూనే అడిగారు కూడా. కావాలనే వదిలామంటే నమ్మలేదు. ఇప్పుడు ఆషాఢం రాగానే గిన్నెలు పట్టుకుని ఆ దడి దగ్గరికే వస్తారు.

రాజమహేంద్రవరం శివారులో మాదొక మామూలు లేఅవుట్ ఇల్లు. ఇంటర్ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మొక్కల పేర్లు, కుటుంబాలు, పుష్ప సమీకరణాలు బోర్డు మీద రాసిన చేతులతోనే ఇప్పుడు పెరట్లో కాయలు కోస్తున్నాను. వాక్కాయ గురించి నాకో బలమైన అభిప్రాయం ఉంది, అది చెప్పడానికే ఇది రాస్తున్నాను. మన ఊళ్లలో కంచె కోసం మొక్క నాటే ప్రతి చోటా, అంటే ఇళ్లలో, బడుల్లో, పార్కుల్లో, గుడి ఆవరణల్లో, ముందు వాక్కాయ పేరు తలచుకోవాలి. నాటాక దాన్ని కాయనివ్వాలి. మొదటి మాటకు ఎవరూ అభ్యంతరం చెప్పరు. ఆ రెండో మాట దగ్గరే మనం తప్పిపోతున్నాం. ఎలాగో తర్వాత చెబుతాను.

ముందు మొక్కను చూడండి. గన్నేరు, నందివర్ధనం, బిళ్లగన్నేరు, దేవగన్నేరు ఏ కుటుంబానివో వాక్కాయదీ అదే కుటుంబం. ఆకు తుంచితే పాలు కారతాయి. ఆకులు కాస్త గుండ్రంగా, దళసరిగా, పైన నిగనిగలాడుతూ ఎదురెదురుగా ఉంటాయి. కణుపు దగ్గర జంట ముళ్లు. కొన్ని ముళ్లు చివర మళ్లీ రెండుగా చీలుతాయి. లేత ముల్లు ఆకుపచ్చగా వంగుతుంది, ముదిరిందంటే చెప్పు అడుగునైనా తోసుకుని వస్తుంది. మాఘమాసం వెళ్లేసరికి కొమ్మల చివర తెల్లటి పూలు గుత్తులుగా విచ్చుకుంటాయి. ఐదు రెక్కలు, సన్నటి గొట్టం, గొట్టం మీద లేత గులాబీ ఛాయ, మల్లెకు దగ్గరగా ఉండే వాసన. ఆ నెల్లాళ్లూ వంటింటి కిటికీ తెరిస్తే చాలు, ఇల్లంతా తెలుస్తుంది.

పూత రాలాక సెనగగింజంత పిందె. ఎండాకాలమంతా అది మెల్లగా ఊరుతుంది. మే నెలలో మా ఊళ్లో ఎండ ఎలా ఉంటుందో గోదావరి జిల్లాల వాళ్లకు చెప్పక్కర్లేదు. కుండీల్లో గులాబీలు మాడి, కరివేపాకు కొస వడలి, మునగ ఆకు రాల్చుకుని నిలబడిన రోజుల్లో కూడా ఈ దడి పచ్చగా, కాయలతో ఉంటుంది. వేళ్లూనాక నేను దానికి ఎండల్లో ప్రత్యేకంగా నీళ్లు పెట్టింది లేదు. పళ్ల మొక్కల్లో ఇంత తక్కువ అడిగే మొక్కను నేనింకోటి చూడలేదు.

తొలకరి పడ్డాక కాయకు రంగు తిరుగుతుంది. ఆకుపచ్చ కాయ ఒక పక్క పాలతెలుపుకు మారుతుంది, ఎండ తగిలే పక్కన గులాబీ జీర దిగుతుంది. తర్వాత ఎరుపు, ఆ పైన ముదురు ఊదా, చివరికి నలుపు. ఒకే గుత్తిలో ఈ రంగులన్నీ ఒకేసారి కనిపిస్తాయి. అందుకే వాక్కాయను ఒక్క కోతలో దులిపేయలేం. వారానికోసారి చొప్పున మూడు నాలుగు దఫాలుగా కోయాలి. ఏ వంటకు ఏ దశ కాయ కావాలో తెలిసినవాళ్లు కోస్తే ఏదీ వృథా పోదు. పప్పుకు, పులిహోరకు తెలుపు తిరిగి గులాబీ జీర పడ్డ గట్టికాయ. నిల్వ పచ్చడికి ఇంకా గట్టిది, చారెడు ఆకుపచ్చ కాయలు కలిసినా పరవాలేదు. జెల్లీకి సగం ఎరుపు, సగం పచ్చి. ఊరికే నోట్లో వేసుకోవడానికి మాత్రం నల్లగా మెత్తబడ్డ పండే. ఆ పండు పులుపు, తీపి, చివర్న చిన్న వగరు కలిసి ఉంటుంది. బాగా పండిన కాయ రెండు మూడు రోజులకు మించి ఆగదు. గట్టికాయ అయితే వారం దాకా నీడన ఆరబోసి ఉంచుకోవచ్చు. బండ్ల మీద, సూపర్ మార్కెట్లలో పండు వాక్కాయ ఎందుకు దొరకదో దీన్నిబట్టి తెలుస్తుంది. దాని రుచి తెలియాలంటే పెరట్లో ఉండాల్సిందే.

కోయడంలో ఓ పద్ధతి ఉంది. గుత్తి కొమ్మ చివర ఉంటుంది, ముళ్లు దాని కింద కణుపుల దగ్గర ఉంటాయి. చెయ్యి పక్కనుంచి దూర్చితే గీసుకుపోతుంది. కొసన పట్టుకుని కొమ్మను మన వైపు వంచుకుని, బయటి నుంచి లోపలికి కోసుకుంటూ పోవాలి. ఎత్తులో ఉన్నవాటికి దోటి. పాత చొక్కా పొడుగు చేతులది ఒకటి దీనికోసమే పెట్టుకున్నాను. కాయను తొడిమ దగ్గర మెలితిప్పగానే తెల్లటి పాలచుక్క ఉబుకుతుంది. అది వేలికి అంటితే జిగురు. ఆరితే సబ్బుకు కూడా లొంగదు. చీరకు తగిలితే మచ్చ పడుతుంది. కోతకు ముందే అరచేతులకు కాస్త నువ్వులనూనె రాసుకుంటే ఈ బాధ లేదు. కోసిన కాయలు కోసినట్టు ఉప్పునీళ్ల బకెట్లో వేస్తే పాలు విరిగి తేలిపోతాయి. రెండు సార్లు నీళ్లు మార్చి, జల్లెడలో పోసి, పాత పంచె మీద ఆరబెడతాను.

పక్కింటి అమ్మాయి డిగ్రీ చదువుతోంది, కోతకు సాయం వస్తుంది. మొదట్లో ముట్టుకోవడానికే భయపడేది. "పాలు కారేవి విషం కదా ఆంటీ, మా అమ్మమ్మ అంటుంది" అంది. మంచి ప్రశ్న. పాలు కారే మొక్కలన్నీ తినదగినవి కావు, ఈ కుటుంబంలో చాలావి ప్రాణాంతకం కూడా. "వాక్కాయ మాత్రం మన అమ్మమ్మల అమ్మమ్మలు తిన్నదేనమ్మా. తెలియని పొద దగ్గర మాత్రం నీ భయమే సరైనది" అన్నాను. ఈ మాట పాఠకులకూ చెప్పాలి. పచ్చగన్నేరు కాయ తింటే మనిషి ప్రాణం పోతుంది. గన్నేరు ఆకు నుంచి వేరు దాకా అంతా విషమే. అయినా ఆ రెండింటినీ ఇళ్ల ముందు, బడుల చుట్టూ, రోడ్డు మధ్య డివైడర్ల మీద బారులు తీర్చి నాటుతున్నాం, ఎవరూ కంగారు పడటం లేదు. వాక్కాయ అనగానే మాత్రం "అమ్మో ముళ్లు, పిల్లలు తిరిగే చోటు" అంటారు. ముల్లు గుచ్చుకుంటే చురుక్కుమంటుంది, పిల్లవాడు రెండోసారి జాగ్రత్తపడతాడు. ఆ పక్కన పచ్చగన్నేరు కాయ నోట్లో పెట్టుకున్న పిల్లవాడికి రెండో అవకాశం ఉంటుందన్న నమ్మకం లేదు. ఈ తేడా నాకు ఎప్పుడూ మనసులో మెదులుతూనే ఉంటుంది.

ఇక వంటిల్లు. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే వాక్కాయను బతికించాల్సింది పెరడు కంటే ముందు వంటిల్లే. కాయను నిలువునా రెండు చీలికలు చేస్తే లోపల చదునైన చిన్న గింజలు ఉంటాయి. లేతకాయలో తెల్లగా మెత్తగా ఉండి తిన్నా తెలియవు. ముదిరితే గోధుమరంగుకు మారి పంటికి తగులుతాయి. వాటిని బొటనవేలి గోటితో తోసేయాలి. విసుగు పుట్టించే పనే, కాదనను. కానీ నలుగురు కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ చేస్తే గంప కాయలు తెలియకుండా అయిపోతాయి. ఇనుప కత్తిపీట వద్దు, పులుపుకు నల్లబడుతుంది, ముక్కలకూ ఆ నలుపు అంటుతుంది. స్టీలు చాకు మేలు. వండటానికీ అల్యూమినియం గిన్నె వాడను.

పప్పులో వాక్కాయ వేసేవాళ్లకు ఒక్క సంగతి. ముక్కలు కందిపప్పుతో కలిపి కుక్కర్లో పెడితే పప్పు బద్ద ఉడకదు. పులుపు తగిలిన పప్పు మెత్తబడటానికి చాలా మొరాయిస్తుంది. పప్పు విడిగా మెత్తగా ఉడికించుకోవాలి. వాక్కాయ ముక్కలు, పచ్చిమిరపకాయ చీలికలు, పసుపు వేసి చిన్న మంట మీద పక్కన మగ్గించాలి. ముక్క నొక్కితే నలిగే దశలో పప్పు కలిపి, ఉప్పు వేసి ఒక్క పొంగు రానివ్వాలి. పోపులో ఇంగువ, వెల్లుల్లి రెండూ వేసేవాళ్లున్నారు. మా ఇంట్లో ఇంగువే. చింతపండు పప్పులో ఉండే బరువు దీనిలో ఉండదు. మామిడికాయ పప్పు పులుపు నాలుక ముందు భాగాన తగులుతుంది, వాక్కాయ పులుపు దవడల దాకా వెళ్లి అక్కడ ఆగుతుంది. మామిడికాయ సీజను అయిపోయి ఇంట్లో పులుపుకు మళ్లీ చింతపండే గతి అనుకునే వేళకు ఇది అందుకుంటుంది. ఇంటి వంటకు ఎంత సౌకర్యమో చూడండి.

పులిహోరకైతే ముక్కలు సన్నగా తరిగి, సెనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు పోపులో పసుపుతో వేయించి, ఆరిన అన్నంలో కలపాలి. వేయించేటప్పుడు గులాబీ జీర పసుపులో కలిసి లేత నారింజ రంగు వస్తుంది. శ్రావణ శుక్రవారం నైవేద్యానికి మా అత్తగారు ఇదే చేసేవారు. పచ్చికొబ్బరితో రోట్లో నూరిన పచ్చడి మరో రకం. నిల్వ పచ్చడికి మాత్రం చీల్చిన కాయలను ఉప్పు, పసుపు కలిపి మూడు రోజులు ఊరనిచ్చి, ఊట తీసి, కాయలను ఎండబెట్టి మళ్లీ ఆ ఊటలోనే వేసి కారం, మెంతిపిండి, ఆవపిండి కలిపితే సరి. నూనె మీదకు తేలి ఉండాలి. ఈ కాయలో పెక్టిన్ ఎక్కువ. అందుకే జెల్లీ చేస్తే పైనుంచి ఏమీ కలపక్కర్లేదు, దానంతటదే గడ్డకడుతుంది. పెక్టిన్ గురించి క్లాసులో చెప్పినప్పుడు పిల్లలకు జామకాయనే ఉదాహరణగా ఇచ్చేదాన్ని. వాక్కాయ జెల్లీ సీసా ఒక్కటి బల్ల మీద పెట్టి ఉంటే పాఠం చెప్పే పనే ఉండేది కాదు.

ఈ తరం పిల్లలకు వాక్కాయ తెలియదనుకుంటాం గానీ, వాళ్లు దీన్ని తింటూనే ఉన్నారు. బేకరీలో కేకు మీద, బన్ను మధ్యలో, మిఠాయి కిళ్లీలో ఎర్రగా మెరిసే 'చెర్రీ' మన దేశంలో చాలాచోట్ల వాక్కాయే. గింజ తీసి, ఉప్పునీళ్లలో ఊరబెట్టి, సహజమైన రంగు వదిలిపోయేలా చేసి, కృత్రిమ ఎర్ర రంగు పట్టించి, పంచదార పాకంలో నానబెట్టి అమ్ముతారు. ఆ రంగు సాధారణంగా ఎరిత్రోసిన్. మన దేశంలో దానికి పరిమితితో అనుమతి ఉంది. అమెరికాలో మాత్రం ఆహార పదార్థాల్లో దాని అనుమతిని 2025 జనవరిలో రద్దు చేశారు, తయారీదారులకు 2027 జనవరి దాకా గడువిచ్చారు. నేనిక్కడ ఎవరినీ భయపెట్టడం లేదు. పుట్టినరోజు కేకు మీది ఒక్క చెర్రీతో ఏమీ అయిపోదు. నా బాధ వేరు. సొంత రంగే ఐదారు ఛాయల్లో ఉన్న కాయను తెల్లగా వెలవెలబోయేలా చేసి, రంగు పూసి, వేరే దేశపు పండు పేరు తగిలిస్తే తప్ప మన పిల్లల నోటికి చేర్చలేకపోతున్నాం. పుల్లటి వాక్కాయ పెట్టిన రోజున పక్కింటి అమ్మాయి ముఖం చిట్లించింది, మళ్లీ చెయ్యి చాపింది. పిల్లలకు నచ్చదని పెద్దవాళ్లే ముందుగా తీర్మానించేస్తున్నారని నాకు అనిపిస్తుంది.

ఈ కాయ ఎందుకు తగ్గిపోయింది? ఒకప్పుడు పొలం గట్టు మీద, తోట చుట్టూ, గొడ్ల చావిడి వెనక వాక్కాయ, సీమచింత, నాగజెముడు కలిసి దడిగా ఉండేవి. ముళ్ల కంచెగా ఈ మొక్క ఎంత గట్టిదంటే, బ్రిటిష్ వాళ్లు ఉప్పు పన్ను వసూలు కోసం కూడా దీన్ని వాడుకున్నారు. 1869 నాటికి సింధు నది నుంచి మహానది దాకా 2,300 మైళ్ల మేర సుంకాల సరిహద్దు సాగదీసి, దాదాపు 12,000 మందిని కాపలా పెట్టారు. ఉప్పు దొంగచాటుగా దాటకుండా ఆ సరిహద్దు పొడవునా చాలాచోట్ల సజీవ కంచె పెంచారు. రేగు, తుమ్మ, జెముళ్లతో పాటు అందులో వాక్కాయ కూడా ఒకటి. ఆ కంచెను పెంచడంలో ముఖ్యుడు అలన్ ఆక్టేవియన్ హ్యూమ్, తర్వాత కాంగ్రెస్ స్థాపకుల్లో ఒకరైన ఆయనే. 1879లో ఆ సరిహద్దు ఎత్తేశారు. పేదవాడి నోట్లో ఉప్పు పడకుండా అడ్డుపెట్టిన చరిత్రను తలచుకుంటే కడుపు మండుతుంది. అయినా ఆ మొక్క మనిషిని ఆపగలదనడానికి దీనికి మించిన సాక్ష్యం అక్కర్లేదు. గోడ దూకే దొంగ వాక్కాయ దడి దూకడు. మా ఉత్తరం వైపు నుంచి ఇంతవరకు గేదె కూడా రాలేదు.

పొలాలు లేఅవుట్లయ్యాయి, గట్లు పోయాయి, దడి స్థానంలో గోడ వచ్చింది. ఇది అందరికీ తెలిసిన కథే. నేను చెప్పదలచింది ఇంకొకటి. గోడ లేని చోట, అంటే పార్కుల్లో, కార్యాలయాల ముందు, అపార్టుమెంట్ల ఆవరణల్లో ఈనాటికీ అక్కడక్కడా వాక్కాయ కంచె ఉంది. ఉన్నా కాయ కనపడదు. ఎందుకంటే నెలకోసారి తోటమాలి కత్తెర పట్టుకుని దాన్ని పెట్టెలా నలుచదరంగా కత్తిరిస్తాడు. వాక్కాయ పూత కొమ్మ చివరే వస్తుంది. ఆ చివరే నెలనెలా తెగిపోతుంటే పూత ఎక్కడి నుంచి వస్తుంది? మొక్క ఉంటుంది, ముల్లు ఉంటుంది, కాయ మాత్రం ఉండదు. ముల్లు కనబడి కాయ కనబడకపోతే జనం ఆ మొక్కను ఎందుకు ఇష్టపడతారు? కొన్నాళ్లకు అదీ పీకేసి ఇంకేదో నాటుతారు. కోత అయ్యాక, అంటే భాద్రపదం నాటికి ఏడాదికి ఒక్కసారి కత్తిరిస్తే చాలు. చలికాలమంతా కొత్త కొమ్మలు సాగి, వాటి కొసల్లో మాఘానికి మొగ్గ తొడుగుతాయి. ఇందాక 'కాయనివ్వాలి' అన్నది దీని గురించే. మున్సిపాలిటీలకు దీనివల్ల ఖర్చు పెరగదు సరికదా, పదకొండు నెలల కత్తెర కూలి మిగులుతుంది.

దీని బదులు మనం నాటినవి ఏమిటో చూడండి. కోనోకార్పస్. నీళ్లు లేకపోయినా పచ్చగా పెరుగుతుందని ఊరూరా డివైడర్ల మీద బారులుగా పెట్టారు. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడం నిషేధించింది. మన రెండు రాష్ట్రాల్లోనూ దాన్ని ఉంచాలా కొట్టేయాలా అన్న వాదన నడుస్తూనే ఉంది. పుప్పొడి వల్ల ఎంత నష్టం, వేళ్ల వల్ల ఎంత నష్టం అన్న లెక్కలు శాస్త్రవేత్తలు తేలుస్తారు. నేను అడిగేది చిన్న ప్రశ్న. నీళ్లు అడగని పచ్చదనమే కావాలంటే పువ్వు, కాయ, పిట్టలకు గూడు ఇచ్చే వాక్కాయ మన నేల మీదే ఉండగా వేరేది ఎందుకు? మా దడిలో పిగిలిపిట్టలు ముళ్ల మధ్యే గూడు కడతాయి. పిల్లి ఆ లోపలికి చేరలేదు. నల్లపండ్లలో వాటి వాటా అవి తింటాయి, మన వాటా మనకు మిగులుతుంది.

కడప జిల్లా లంకమల అడవుల్లో తుమ్మ, రేగుతో పాటు వాక్కాయ జాతి పొదలూ ఉన్న ముళ్ల చిట్టడవిలోనే కలివికోడి బతుకుతుంది. దాదాపు శతాబ్దం పాటు అంతరించిపోయిందనుకున్న ఆ పక్షి 1986లో అక్కడే మళ్లీ కనిపించింది. ముళ్లపొదలంటే పనికిరాని బీడు అనుకుని చదును చేసేసే మన అలవాటుకు ఆ పక్షి పెద్ద హెచ్చరిక. వాక్కాయకు అన్నదమ్ముల వరస అయిన కలివి పండ్లను, చిన్నగా బఠాణీగింజంత ఉండేవాటిని, ఆకు దొప్పల్లో పోసి బడి గేటు దగ్గర అమ్మేవాళ్లు. రాయలసీమలో, తెలంగాణలో నా వయసు వాళ్లెవరినైనా అడగండి, నాలుక నల్లబడటం గుర్తు చేసుకుంటారు.

కొత్త పండ్ల మీద నాకేమీ వ్యతిరేకత లేదు. డ్రాగన్ ఫ్రూట్‌కు స్తంభాలు పాతి, టైర్లు తొడిగి మేడ మీద పెంచుతున్నవాళ్ల శ్రద్ధకు దండం పెడతాను. ఆ పువ్వు ఒక్క రాత్రే విచ్చుతుందని టార్చిలైటు పట్టుకుని మేలుకునే మిత్రులు నాకున్నారు. మియాజాకి మామిడి అంటు కోసం వేలు ఖర్చుపెట్టినవాళ్లూ ఉన్నారు. అభిరుచి అది. కానీ 'అరుదైన పండు పెంచుతున్నాం' అని వాళ్లు చెప్పినప్పుడల్లా నా కళ్లు వాళ్ల ప్రహరీ వైపు పోతాయి. ఊళ్లో నిజంగా అరుదైపోయిన పండు ఏదో వాళ్లకు చెప్పాలనిపిస్తుంది.

మొక్కల కోసం మా పక్కనే ఉన్న కడియం నర్సరీలకు వెళ్లినప్పుడు ఓ చోట వాక్కాయ మొక్కలు అడిగాను. మొక్కలు చూపించే కుర్రాడు నన్ను ఎగాదిగా చూశాడు. "అది కంచె మొక్క కదండీ అమ్మగారూ, ఇప్పుడెవరూ అడగట్లేదండి. ఆ వెనకాల ఉండాలండి" అని, ఎక్కడో ఓ మూల గడ్డిలో కప్పబడిపోయిన కవర్లు బయటికి తీశాడు. ఆ ముందు వరుసల్లో ఉన్నవన్నీ దేశదేశాలవి. వాళ్లను అనడానికి లేదు, అడిగితేనే పెంచుతారు. అందుకే అడగండి అంటున్నాను. పది మంది అడిగితే వచ్చే ఏడాది ఆ కవర్లు ముందు వరుసకు వస్తాయి. ఒక్క జాగ్రత్త ఉంది. కొన్నిచోట్ల దక్షిణాఫ్రికా జాతి, నేటల్ ప్లమ్ అనేదాన్ని కూడా వాక్కాయ అని ఇచ్చేస్తారు. దాని ఆకు ఇంకా దళసరిగా, పువ్వు బాగా పెద్దగా ఉంటుంది. అందంగానే ఉంటుంది, కానీ దాని కాయ పూర్తిగా పండితేనే తినాలి. మన పప్పుకు, పచ్చడికి పనికొచ్చేది అది కాదు.

మంచి రకాలూ వచ్చాయి. ఉత్తరాఖండ్‌లోని పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పంత్ మనోహర్, పంత్ సువర్ణ, పంత్ సుదర్శన్ ఇచ్చింది. మహారాష్ట్ర దాపోలి విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన కొంకణ్ బోల్డ్ కాయ పెద్దది. మన ఉద్యాన విశ్వవిద్యాలయాలు కూడా గోదావరి, కృష్ణా తీరాల్లో పాత తోటల చుట్టూ ఇంకా మిగిలిన దడుల్లోంచి మంచి కాయ కాసే పొదలను ఎంచి, అంట్లు కట్టి, రైతులకు ఇవ్వాలని నా విన్నపం. ఆ పాత దడులు ఏటేటా జేసీబీల కింద పోతున్నాయి. ఆలస్యం చేస్తే ఎంచడానికి పొదలే మిగలవు.

పాములొస్తాయని కొందరి భయం. ఏ పొదకైనా అడుగున చెత్త పేరుకుంటే పురుగూ పుట్రా చేరతాయి. నేలకు అడుగున్నర ఎత్తు దాకా కింది కొమ్మలు తీసేసి, రాలిన ఆకు ఊడ్చుకుంటే దడి అడుగు నుంచి అవతలి వీధి కనిపిస్తుంది. చిన్న పిల్లలున్న ఇంట్లో గేటు పక్కన, నడిచే దారి అంచున నాటొద్దు. వెనక హద్దు చాలు. మేడ మీద పెంచేవాళ్లు పెద్ద డ్రమ్ములో ఒక మొక్క పెట్టుకోవచ్చు, కాయ తక్కువైనా ఇంటి పప్పుకు వస్తుంది.

నాటడం తేలిక. నల్లగా పండిన కాయ తిని గింజలు కడిగి, ఆ వారంలోనే ఇసుక, మట్టి, మాగిన పశువుల ఎరువు కలిపిన కవర్లలో వేయాలి. గింజ ఎండి నిల్వ ఉంటే మొలక తగ్గిపోతుంది. మరుసటి తొలకరికి మొక్క నాటే ఎత్తుకు వస్తుంది. దడిగా అయితే రెండు మూడు అడుగులకో మొక్క, విడిగా పొదగా పెంచాలంటే ఏడెనిమిది అడుగుల ఎడం. రెండు వేసవులు నీళ్లు పోయాలి. మూడో ఏట నుంచి కాపు మొదలవుతుంది. నిండుగా ఎదిగిన పొద నాలుగైదు కిలోలు ఇస్తుంది.

మా వీధి చివర ప్రాథమిక పాఠశాలకు వెనక వైపు గోడ కూలి చాలాకాలమైంది. హెడ్మాస్టరు గారితో మాట్లాడాను. మొదట ముళ్ల సంగతే ఎత్తారు. పిల్లలు ఆడుకునే చోటికీ దడికీ మధ్య నాలుగడుగులు వదులుదామని, కింది కొమ్మలు నేనే వచ్చి తీయిస్తానని చెప్పాను. "సరేనండి, మొక్కలు పట్టుకురండి. కాయలు మాత్రం మధ్యాహ్నం పప్పులోకి మాకే" అన్నారు. పోయిన శ్రావణంలో వేసిన నారు కవర్లలో సిద్ధంగా ఉంది. నేల తడిశాక గుంతలు తవ్వించడానికి ఇద్దరు తల్లులు, ఓ తండ్రి వస్తామన్నారు.